రైతుబంధు నుంచి రైతు భరోసా దాకా: ఏడేళ్లు వాడిన ఇంటి నుంచి ఒక రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది పార్టీల పంచాయితీ కాదు. ఏ సీఎం గొప్ప అని కొట్టుకోవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఫోన్ కొన్నా, హోటల్లో తిన్నా రివ్యూ రాసేస్తాం కదా. మా నాన్న 2018 నుంచి ఏటా రెండుసార్లు వాడుతున్న సర్వీస్ గురించి, అదీ మా ఇంటి లెక్కల్ని నిజంగా మార్చిన దాని గురించి, వాడినవాళ్ల వైపు నుంచి రాసినవి నాకు పెద్దగా కనిపించలేదు. కనిపించినవన్నీ అయితే పొగడ్త, లేకపోతే తిట్టు.

మాది ఉమ్మడి వరంగల్ జిల్లా. నాన్న పేరు మీద మూడెకరాల పది గుంటలు (అంటే మూడుంపావు ఎకరాలు), నల్లరేగడి, పత్తి వేస్తాం. దాన్ని ఆనుకుని ఇంకో రెండెకరాలు కౌలుకు చేస్తాం, దాని సంగతి తర్వాత. నేను హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగం చేస్తాను. నెలనెలా పంపేది ఇంటి ఖర్చుకు, అమ్మ మందులకు సరిపోతుంది. వ్యవసాయానికి మాత్రం కొడుకును డబ్బులు అడగడం నాన్నకు నామోషీ. అందుకని 2018కి ముందు ప్రతి జూన్‌లోనూ ఆయన వెళ్లేది ఒక్క చోటికే, ఊళ్లో విత్తనాలు, మందులు అమ్మే షాపుకు. ఉద్దెరకు, అంటే అప్పుకు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రైతుబంధు అంటే తెలంగాణ సర్కారు రైతుకిచ్చే పెట్టుబడి సాయం, 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైంది. పట్టాదారు పాస్‌బుక్ ఉన్నవాళ్లకు ఎకరానికి పంటకు 4 వేలు, వానాకాలం ఒకసారి, యాసంగి (రబీ) ఒకసారి. 2019 నుంచి దాన్ని 5 వేలు చేశారు. ప్రభుత్వం మారాక, 2025 జనవరి 26న, అదే రైతు భరోసా పేరుతో పంటకు 6 వేలు అయింది. 2023 ఎన్నికల ముందు చెప్పింది ఏడాదికి ఎకరానికి 15 వేలు, వచ్చింది 12 వేలు. మా మూడెకరాల పది గుంటలకు పంటకు మొదట 13 వేలు, తర్వాత 16,250, ఇప్పుడు 19,500.

మొదటిసారి చెక్కు ఇచ్చారు. ఊళ్లో టెంట్ వేసి, కుర్చీలు వేసి, పేరు పిలిచి, కొత్త పాస్‌బుక్‌తో పాటు చేతిలో పెట్టారు. ఆ రోజుల్లో ఏటీఎంలలో డబ్బులు దొరకడమే కష్టంగా ఉండేది, చెక్కు మారుతుందా లేదా అని ఊరంతా టెన్షన్. మారింది. ఆ సాయంత్రం మా నాన్న ఒక క్వార్టర్ తాగి వచ్చాడు, దాచడం ఎందుకు. ఫ్రీగా పైసలిస్తే జనం తాగేస్తారు అనేవాళ్లు ఇది చదివి సంబరపడతారేమో గానీ, ఆ 13 వేలలో తాగింది ఆ ఒక్క క్వార్టర్. మిగతాది మరునాడు పొద్దున్నే విత్తనాల షాపులో పడింది. కెన్యా పల్లెల్లో గివ్‌డైరెక్ట్‌లీ అనే సంస్థ పేద కుటుంబాలకు ఏ షరతూ లేకుండా నగదు పంచితే, మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగిందా అని పరిశోధకులు ప్రత్యేకంగా లెక్కేసి చూశారు, పెరగలేదు. మా ఊళ్లో బెల్టు షాపు ఏడాది పొడుగునా నడుస్తుంది, దానికి రైతుబంధు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఎకరం పత్తికి 5 వేలు ఎంతవరకు వస్తాయో 2022 లెక్కలో చూడండి. రెండు ప్యాకెట్ల బీటీ గింజలు, ప్యాకెట్ 810 చొప్పున 1,620. డీఏపీ ఎరువు బస్తా 1,350. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. మిగిలిన పదిహేడు వందల చిల్లర ట్రాక్టర్ దున్నకానికి. అంతే, అయిపోయింది. కలుపు కూలి, పురుగు మందులు, పత్తి ఏరే కూలి, ఆటో కిరాయి, ఇవన్నీ చేతి నుంచే. పంట మొత్తం ఖర్చులో ఇది చిన్న భాగమే, కాబట్టి దీంతో రైతు బతికిపోతాడని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ ఆ చిన్న భాగం ఏ వారంలో వస్తుందన్నదే మొత్తం కథ. మిరుగు (జూన్‌లో వచ్చే మృగశిర కార్తె) ముందు చేతిలో 16 వేలు ఉన్న మనిషి వేరు, జూలై ఆఖర్లో అదే 16 వేలు వచ్చిన మనిషి వేరు.

ఉద్దెర ఎలా పనిచేస్తుందో సిటీలో పెరిగినవాళ్లకు అర్థం కాదు కాబట్టి కొంచెం చెప్పాలి. షాపతను చెడ్డవాడేం కాదు, మా నాన్నను అన్నా అనే పిలుస్తాడు, మా అక్క పెళ్లికి వచ్చి రెండు వేలు కట్నం కూడా చదివించాడు. కానీ ఉద్దెరకు తీసుకున్నప్పుడు ఏ కంపెనీ గింజలు కావాలో మనం అడగం, అతను ఏది చేతిలో పెడితే అది తెచ్చుకుంటాం. ప్యాకెట్ మీద ఉన్న రేటు ఒకటి, పుస్తకంలో రాసుకునేది ఒకటి. దాని మీద నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. ఇక పత్తి చేతికొచ్చాక అతని కాంటా దగ్గరికే తోలాలి. రాతకోతలేం ఉండవు, మాట కూడా ఉండదు, కానీ వేరే చోటికి తోలితే వచ్చే జూన్‌లో ఏ మొహం పెట్టుకుని వెళ్తాం?

బ్యాంకులో పంట రుణం ఉంది కదా అంటారు. ఉంది. 7 శాతం వడ్డీ, టైముకు కడితే 3 శాతం తగ్గి 4 పడుతుంది, కాగితం మీద చాలా చవక అప్పు. మా ఇంట్లో అది జరిగే తీరు ఏంటంటే, ఏటా వడ్డీ కట్టి, పాత అప్పునే కొత్త అప్పుగా తిరగరాయించుకుని, రెండు సంతకాలు పెట్టి ఖాళీ చేతులతో ఇంటికి రావడం. దీన్నే రెన్యువల్ అంటారు. దాంతో గింజలు రావు.

కాబట్టి రైతుబంధు డబ్బులు టైముకు పడిన ఏళ్లలో మా ఇంట్లో మారిందేంటంటే, నాన్న బస్సెక్కి వరంగల్ వెళ్లడం మొదలుపెట్టాడు. మూడు షాపుల్లో రేటు అడిగాడు. అరవై ఏళ్లకు దగ్గర పడుతున్న మనిషి, గింజల రేటు అడగడం ఆయన జీవితంలో అదే మొదటిసారి అంటే మీరు నమ్మరు. బిల్లు కూడా తెచ్చాడు, దాన్ని అమ్మ ఇప్పటికీ దేవుడి పటం వెనక పెట్టింది, గింజలు మొలవకపోతే చూపించడానికట. ఆ చలికాలం పత్తిని ఊళ్లో కాంటాకు వేయకుండా, మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ సెంటర్‌కు తోలాడు, ఒక రాత్రి ట్రాక్టర్ కిందే పడుకున్నాడు, డబ్బులు ఖాతాలో పడటానికి రోజులు పట్టింది, అయినా ఆగగలిగాడు. అప్పులో ఉన్నవాడికి సీసీఐ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇదంతా నేను ఊహించి రాస్తున్నానని ఎవరికైనా అనిపిస్తే 2024 వానాకాలం చూడండి. ఆ పంటకు పెట్టుబడి సాయం పడలేదు. ఆ ఏడాది రుణమాఫీ వచ్చింది, జూలై 18న లక్ష లోపు అప్పులున్న మొదటి విడతలో మా నాన్నది 80 వేలు మాఫీ అయింది. చిన్న మేలు కాదు, చెయ్యెత్తి దండం పెట్టాం. కానీ చూడండి, 80 వేలు మాఫీ అయిన ఏడాదే మా నాన్న ఆరేళ్ల తర్వాత మళ్లీ ఉద్దెరకు వెళ్లాడు. మాఫీ డబ్బులు బ్యాంకు నుంచి బ్యాంకుకే పోయాయి. కొత్త లోను చేతికొచ్చేసరికి ఆగస్టు ఆఖరు, పత్తి మోకాలెత్తు పెరిగింది.

ఆ ఏడాది ఉద్దెర లెక్క నేనే కూర్చుని రాశాను. 864 రూపాయల ప్యాకెట్‌ను పుస్తకంలో వెయ్యి రాసుకున్నారు, కౌలు పొలంతో కలిపి పది ప్యాకెట్లు, అక్కడ 1,360 పోయింది. ఎరువులు, మందులతో కలిపి 30 వేల ఉద్దెర మీద ఆరు నెలల వడ్డీ 3,600. క్వింటాలు మద్దతు ధర 7,521 ఉంటే షాపు కాంటాలో 6,700కు 15 క్వింటాళ్లు తోలాం, తేమ కూడా పెద్దగా లేదు, అక్కడ 12 వేల పైన పోయింది. క్వింటాలుకు రెండు కిలోల తరుగు, అదో రెండు వేలు. అన్నీ కలిపితే 19 వేలు దాటింది. రాకుండా పోయిన సాయం 16,250, అది రానందుకు అదనంగా పోయింది 19 వేలు. నాన్నకు ఈ లెక్క చూపిస్తే, "నువ్వు గిట్ల రాసిపెట్టకు, రాత్రికి నిద్ర పట్టదు" అన్నాడు.

సర్వీస్ గురించి చెప్పాలంటే, డబ్బులు వేసే పద్ధతి రైతుబంధు రోజుల నుంచే బాగుంది. 2018 యాసంగిలో ఎన్నికల వల్ల చెక్కులు ఆపి ఖాతాల్లో వేయాల్సి వచ్చింది, అదే మంచిదైంది. మొదటి రోజు ఎకరం లోపు వాళ్లకు, తర్వాత రెండెకరాల వాళ్లకు, అలా చిన్నవాళ్ల నుంచి మొదలుపెట్టి వేసేవాళ్లు. ఆ వారం ఊరంతా ఫోన్లు చూసుకోవడమే పని. టింగ్ అంటే చాలు, పడ్డయా పడ్డయా అని. ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు, ఎవరి సంతకం అక్కర్లేదు, పట్వారీ చుట్టూ తిరిగిన తరం మనిషికి ఇదెంత పెద్ద మార్పో చెప్పలేను.

మధ్యలో ఒకసారి మాత్రం మాకు చేదు అనుభవం ఉంది. పేరెందుకు గానీ, నాన్న ఖాతా ఉన్న బ్యాంకు బ్రాంచిలో డబ్బులు పడ్డ మెసేజ్ వచ్చింది, తీయడానికి వెళ్తే హోల్డ్‌లో ఉంది. పంట రుణం రెన్యువల్ చేయించుకుంటేనే ఇస్తామన్నారు. పెట్టుబడి సాయాన్ని అప్పుల కింద జమ చేసుకోవద్దని ప్రభుత్వం బ్యాంకులకు చెప్పింది, పేపర్లో వచ్చింది, నేను ఆ పేపర్ కటింగ్ వాట్సాప్‌లో పంపితే నాన్న ఫోన్ పట్టుకుని మేనేజర్‌కు చూపించాడట, ఆయన చదివి, "సరే పెద్దాయనా, సోమవారం రా" అన్నాడు. మూడు సోమవారాలు పట్టింది. ఆ ఏడాది గింజలు నేను పంపిన డబ్బులతోనే కొన్నారు, ఆ సంగతి నాన్న ఇప్పటికీ ఎత్తడు.

పీఎం కిసాన్ గురించి కూడా అడుగుతారు కాబట్టి, అది వేరే సర్వీస్. కేంద్రానిది, 2019 ఫిబ్రవరిలో మొదలైంది, ఏడాదికి 6 వేలు, నాలుగు నెలలకోసారి 2 వేలు. మూడెకరాలున్నా ఎకరం ఉన్నా అంతే. పొలం పనికి పెద్దగా అక్కరకు రాదు, ఎప్పుడు పడుతుందో పంటకు సంబంధం ఉండదు, అమ్మ దాన్ని కిరాణా డబ్బులనే పిలుస్తుంది. పైగా ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసుకోవడం, ఒక తలనొప్పి. మా నాన్న వేళ్ల గీతలు అరిగిపోయాయి, నలభై ఏళ్లు కొడవలి పట్టిన చేతులు, మిషన్ మీద ఎన్నిసార్లు పెట్టినా తీసుకోలేదు, ఒక విడత ఆగిపోయింది. తర్వాత ముఖం చూపిస్తే సరిపోయే యాప్ వచ్చింది, పండక్కి ఇంటికెళ్లినప్పుడు నా ఫోన్‌లోనే చేశాను, అయిదు నిమిషాల పని. ఒక్క మాట, పీఎం కిసాన్ లిస్టులో మీ పేరు చూసుకోండి అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (దొంగ యాప్‌లు) తిరుగుతున్నాయి, అవి నొక్కితే ఖాతా ఊడ్చుకుపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి పెట్టండి.

రైతు బీమా ఇదే పాస్‌బుక్ మీద నడుస్తుంది. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు, ప్రీమియం రైతు కట్టక్కర్లేదు. మా వాడకట్టులో ఒకాయన గుండెపోటుతో పోయినప్పుడు ఆ డబ్బులే ఆ ఇంటిని నిలబెట్టాయి, చిన్నదాని చదువు ఆగలేదు. కానీ అరవై వచ్చిన రోజు నుంచి రైతు రైతు కాకుండా పోతాడా? మా నాన్న ఇప్పుడు దానికి పనికిరాడు. నామినీ పేరు సరిగ్గా ఉందో లేదో మీ ఊరి ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర ఒకసారి చూసుకోండి, కొన్ని ఇళ్లలో ఇంకా చనిపోయిన తల్లి పేరే ఉంది.

ఇక తిట్టాల్సినవి. పట్టా ఉన్నవాడికే డబ్బులు అన్న ఒక్క నియమంతో చాలామంది బయట ఉండిపోయారు. మొదటి బయటి మనిషి మా ఇంట్లోనే ఉంది. గింజలు పెట్టేది, కలుపు తీసేది, పత్తి ఏరేది అమ్మ, మెసేజ్ వచ్చేది నాన్నకు. మొదటి చెక్కు రోజే అడిగింది, "పని నాది, పైసలు నీ పేరు మీదనా?" అని. నాన్న నవ్వి ఊరుకున్నాడు. అమ్మ నవ్వలేదు.

రెండోది పరిమితి లేకపోవడం. రైతుబంధులో యాభై ఎకరాలుంటే యాభై ఎకరాలకూ వచ్చేది, ప్లాట్లు చేసి రాళ్లు పాతిన భూమికీ వచ్చేది. రైతు భరోసా వచ్చాక సాగుకు పనికిరాని భూములు, వెంచర్లు తీసేస్తామన్నారు, ఆ మేరకు మంచిదే. భూమి లేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12 వేలు అని ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కూడా అదే రోజు మొదలుపెట్టారు, ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పని చేసి ఉండాలన్న షరతుతో. ఆ షరతు దగ్గర మా ఊళ్లో చాలామంది ఆగిపోయారు, పత్తి ఏరడానికి పోయిన వాళ్లు ఉపాధి పనికి ఎప్పుడు పోతారు?

మూడోది కౌలు, నాకు కోపం వచ్చేది ఇక్కడే. పొద్దున లేస్తే నాన్న నడిచేది అయిదెకరాలు, ప్రభుత్వానికి కనిపించేది మూడెకరాల పది గుంటలు. ఆ రెండెకరాల సాయం హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండే ఆసామి ఖాతాలో పడుతుంది, ఆయన మంచివాడే, ఫోన్ చేస్తే ఆరోగ్యం అడుగుతాడు, కానీ ఆ పొలంలో కాలు పెట్టి ఎనిమిదేళ్లయింది. కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇవ్వడానికి 2011లోనే చట్టం ఉంది. ఆంధ్రలో కౌలు రైతుకిచ్చే సీసీఆర్‌సీ అనే సాగు హక్కు కార్డు ఉంది, అది ఉంటే కొన్ని పథకాలు వస్తాయి, కాకపోతే 2019లో తెచ్చిన చట్టంలో దానికి భూమి యజమాని సంతకం కావాలన్నారు. సంతకం అంటేనే యజమానికి భయం, రేపు భూమి నాదంటాడేమో అని. అడిగితే వచ్చే ఏడాది కౌలుకు ఇవ్వడేమో అని వీళ్లకు భయం. ఆ భయం తీసే పద్ధతి కనిపెట్టనిదే ఎన్ని కార్డులు అచ్చేసినా మా నాన్న చేతికి ఒక్కటీ రాదు.

స్టార్లు ఇవ్వాలంటే డబ్బులు చేరే తీరుకు నాలుగున్నర, టైముకు రెండున్నర, ఎవరికి ఇస్తున్నారన్నదానికి రెండు.

2025 వానాకాలం డబ్బులు జూన్ 16 నుంచి వేయడం మొదలుపెట్టారు, మాకూ కొద్ది రోజుల్లోనే 19,500 పడ్డాయి. మిరుగు దాటింది గానీ మా దగ్గర వాన కూడా ఆలస్యమైంది, కాబట్టి సరిపోయింది. నాన్న మళ్లీ బస్సెక్కి వరంగల్ వెళ్లాడు, 901 రేటుకే ప్యాకెట్లు తెచ్చాడు, పాత ఉద్దెర షాపులో మిగిలిన బాకీ కూడా కొంత తీర్చాడు. అదే వారంలో కౌలు ఆసామి ఫోన్ చేశాడు. ఆయన ఖాతాలో కూడా 12 వేలు పడి ఉంటాయి కదా, ఆ ముచ్చటేమో అని నాన్న స్పీకర్ పెట్టాడు, పక్కనే అమ్మ కూడా ఉంది. ఆయన ఆరోగ్యం అడిగాడు, వానలు అడిగాడు, అడిగి, ఎకరానికి 10 వేలు మరీ తక్కువగా ఉంది, ఈసారి 12 వేలు చేద్దాం, సర్కారు కూడా పెంచింది కదా అన్నాడు. 11 వేలకు ఒప్పుకున్నారు.